50 ఏమిటి, 80 ఏమిటి?

పెర్ల్‌లో వెబ్ పేజీలు తయారుచేసిన తరానికి సీజీఐ.పీఎం బాగా పరిచయం. లింకన్ స్టైన్ 1995లో తెచ్చిన ఆ మాడ్యూల్‌లో హెచ్‌టీఎంఎల్ ట్యాగులు పుట్టించే ఫంక్షన్లుండేవి. టెక్స్ట్ బాక్సు కావాలంటే టెక్స్ట్‌ఫీల్డ్ అనే ఫంక్షన్‌ను పిలిచి, వరసగా ‘ఊరు’, ‘శ్రీకాకుళం’, 50, 80 అని ఇస్తే చాలు. రాసేవాళ్లకు హాయే. కొన్నాళ్లకు అదే లైను చదివేవాళ్లు మొదటి రెండూ ఎలాగో ఊహించుకుంటారు. మరి 50 ఏమిటి, 80 ఏమిటి?

50 బాక్సు వెడల్పు, 80 అందులో పట్టే అక్షరాల పరిమితి. రెండూ తారుమారైనా కంప్యూటర్ కిమ్మనదు, రెండూ అంకెలే కదా. చిరునామా రాస్తున్న మనిషికి మాత్రం సగంలో టైపింగ్ ఆగిపోతుంది. తెలుగులో రాస్తే మరీ ముందే ఆగుతుంది. ‘శ్రీకాకుళం’ మన కంటికి నాలుగక్షరాలు, బ్రౌజర్ లెక్కలో పది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి.

స్టైన్ అదే మాడ్యూల్‌లో రెండో పద్ధతీ పెట్టారు. ప్రతి విలువకూ ముందు దాని పేరు: సైజ్ 50, మ్యాక్స్‌లెంగ్త్ 80. లైను పొడవవుతుంది, నిజమే. నాకు ఆ పొడవే ఇష్టం. ఫంక్షన్ రాసేది ఒక్కచోట, పిలిచేది వందచోట్ల. పేర్లు కనబడాల్సింది ఆ వందచోట్లా.

ట్రూ, ఫాల్స్‌లతో ఇంకా కష్టం. బటన్ ఫంక్షన్‌కు ‘పంపు’, ట్రూ, ఫాల్స్ అని ఇస్తే దేనికి అవునన్నట్టు, దేనికి కాదన్నట్టు? 2008లో వచ్చిన పైథాన్ 3లో పారామీటర్ల మధ్య ఒక నక్షత్రం గుర్తు పెడితే, దాని తర్వాతవన్నీ పేరుతోనే ఇవ్వాలి. లేకపోతే ఎర్రర్. అవును-కాదు తరహా పారామీటర్లన్నీ నేను ఆ నక్షత్రానికి అవతలే పెడతాను. ఫంక్షన్ లోపలా జాగ్రత్త కావాలి: బటన్‌ను పనిచేయనివ్వని డిసేబుల్డ్‌కు ‘ఫాల్స్’ అని రాసినా బటన్ పనిచేయదు, ట్యాగులో డిసేబుల్డ్ అనే మాట ఉంటే చాలు. ఫాల్స్ వస్తే ఫంక్షనే ఆ మాటను పూర్తిగా వదిలేయాలి.

బొమ్మల దగ్గర మాత్రం నాది మొండిపట్టు. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్‌ను ఖాళీగా ఇస్తే ‘ఇది అలంకారం, దాటెయ్’ అని స్క్రీన్ రీడర్‌కు చెప్పినట్టు. అసలు ఇవ్వకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరే చదివేస్తాయి. అందుకే ఆల్ట్‌కు డిఫాల్ట్ ఉండకూడదంటాను. ఖాళీయే కావాలంటే ఖాళీ అని పిలిచేవాళ్లే రాయాలి. పెట్టేది వర్షపాతం గ్రాఫు అయితే, అందులో ఏముందో ఒక్క వాక్యమైనా వాళ్లే ఆలోచించి రాయాలి.