పన్ను పేజీ

తిరుగుబాట్ల మీద పుస్తకం ఏది చేతికొచ్చినా నేను వీరుడి దగ్గర మొదలుపెట్టను. పన్ను ఎక్కడుందో వెతుకుతాను. దేని మీద వేశారు, వసూలుకి ఎవరొచ్చారు? ఆ పేజీ లేని పుస్తకాన్ని సగమే నమ్ముతాను.

1879 రంప పితూరీకి ఆ పేజీ కల్లు చెట్టు. మా అరకు చుట్టుపక్కల ఇప్పటికీ జీలుగు చెట్లకి కుండలు వేలాడుతుంటాయి. గెల కొసను రోజూ పలచగా చెక్కాలి, మానేస్తే ధార ఆగిపోతుంది. చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. తిండిగింజలు నిండుకున్న రోజుల్లో ఆ కల్లే గంజి. సర్కారు ఇంటివాడకానికి గీసుకోవడం కూడా నేరమంది, గుత్తదారుల్ని దించింది. పైన రంప మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను. మైదానం వర్తకులు, ప్రతివాది మాట వినకుండానే ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీలు పట్టుకొచ్చి పశువుల్ని తోలుకుపోవడం సరేసరి. మార్చిలో కొండ భగ్గుమంది.

ఇవన్నీ రాసిపెట్టింది ఎవరనుకున్నారు? తెల్లదొరలే. 1907 నాటి హెమింగ్‌వే గోదావరి గెజిటీర్‌లో ఉన్నాయి. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం-రంప పితూరీల మీద పెద్ద వ్యాసం రాసిందీ ఎక్కువగా సర్కారు కాగితాలు తిరగేసే. మనవాళ్ళు అల్లూరి మీద రాసినంత ఇష్టంగా 1879 పితూరీ నాయకుడు తమ్మన్నదొర మీద రాయలేదు. 1922లో అల్లూరి శత్రువు తెల్లవాడు, రాయడం సులువు. 1879లో కొండవాళ్ళు ముందు తిరగబడింది మన రాజు, ఆ మన్సబుదారు మీద. అక్కడే కలం తడబడిందని నా అనుమానం.

నిజాం మీద పోరాటానికి ఈ కరువు లేదు. అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ నవల ఉంది. నాకు అంతకన్నా విలువైనది 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిన పుస్తకం. దళంతో ఉండటానికి కన్నబిడ్డను వేరేవాళ్ళ చేతిలో పెట్టిన తల్లి అందులో మాట్లాడుతుంది. గెలుపోటములు తర్వాత, ముందు ఆ బిడ్డ ఏమయ్యాడో చెప్పమంటుంది చదివేవాడి మనసు. రంప ఆడవాళ్ళని ఆ రోజుల్లో అలా అడిగిన పుస్తకం నా కంటపడలేదు. తమ్మన్నదొర 1880లో పోలీసు తూటాకి పోయాడన్నంతవరకే కాగితం చెబుతుంది.

డిగ్రీ పిల్లలు అల్లూరి మీద పుస్తకమేదైనా ఇమ్మంటే ముందు ఆ గెజిటీర్ పేజీలు జిరాక్స్ తీసి ఇస్తున్నాను. ఇంగ్లిష్ కష్టమండీ అని గొణుగుతారు. కల్లు మీద పన్నేశారని తెలుసుకోవడానికి ఎంత ఇంగ్లిష్ కావాలి? 1974 అల్లూరి సినిమా ఎలాగూ చూసే ఉంటారు.