ఒకటో తారీఖు లిస్టు

ఉద్యోగస్తులకు ఒకటో తారీఖంటే జీతం. చెస్ అభిమానులకు లిస్టు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ప్రతి నెలా మొదటి రోజున ఆటగాళ్ల రేటింగులు ప్రకటిస్తుంది. నిదానంగా ఆడే క్లాసికల్‌కు ఒక లిస్టు, వేగంగా ఆడే ర్యాపిడ్‌కు ఒకటి, ఇంకా వేగమైన బ్లిట్జ్‌కు ఒకటి. ఐపీఎల్ పాయింట్ల పట్టిక నోటికొచ్చిన కుర్రాళ్లు గుడివాడలో వీధికి పదిమంది దొరుకుతారు గానీ, ఈ లిస్టు చూసేవాళ్లు అరుదు. నిజానికి ఎవరికి పట్టినా పట్టకపోయినా ఆ ఊరికి పట్టాల్సిన లిస్టు ఇది. కోనేరు హంపి 1987 మార్చి 31న పుట్టింది గుడివాడలోనే.

ఆమె గెలుపులు పేపర్లో చదివి సంతోషించడం వేరు, ఆమె ఆటను ఏళ్ల తరబడి వెంబడించడం వేరు. రెండోదానికి కొంచెం చదువు కావాలి. ఎందుకంటే హంపి లెక్క పైకి చూస్తే తిరకాసుగా ఉంటుంది. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న అమ్మాయి అప్పటికి ప్రపంచంలో లేదు. జుడిత్ పోల్గార్ రికార్డు చెరిగిపోయింది. 2007లో రేటింగు 2600 దాటింది. మహిళల్లో పోల్గార్ తర్వాత మొదట ఆ గీత దాటింది ఆమే. 2009 జూలై లిస్టులో 2623. ఆమె రేటింగుకు అదే శిఖరం. అయితే ఆ రోజుల్లో సీనియర్ ప్రపంచ కిరీటం ఒక్కటీ రాలేదు. 2011లో టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం ఆడి చైనా అమ్మాయి హౌ యిఫాన్ చేతిలో ఓడింది. కిరీటాలు తర్వాతెప్పుడో వచ్చాయి: 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో, రెండూ ర్యాపిడ్‌లో. అప్పటికి తల్లి కూడా అయింది, క్లాసికల్ రేటింగు శిఖరం నుంచి బాగా కిందికి దిగింది.

మరి లిస్టు అబద్ధమా? కాదు. లిస్టు చెప్పేది ఒకటి, మనం అందులో వెతికేది ఇంకొకటి.

ఈ పద్ధతి కనిపెట్టింది ఆర్పాడ్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పిన ఆచార్యుడు. 1970లో ఫిడే దాన్ని చేపట్టింది. అందులో కిటుకు ఒక్కటే. రేటింగు గెలిచినందుకు ఇచ్చే బహుమతి కాదు, అంచనా. ఇద్దరి రేటింగుల మధ్య 200 తేడా ఉంటే పైవాడు నూరు ఆటలకు 76 పాయింట్లు (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) తెచ్చుకోవాలి. తెస్తే ఉన్నచోటే ఉంటాడు. ఎక్కువ తెస్తే ఎక్కుతాడు, తక్కువ తెస్తే దిగుతాడు.

ఒకసారి బందరు కోనేరు సెంటర్లో నేను టీ తాగుతూ ఫోన్లో ఆట చూస్తుంటే పక్కనున్న పెద్దాయన తొంగిచూసి, "ఏమైందండీ, మన హంపి గెలిచిందా?" అనడిగాడు.

"డ్రా అండీ."

"డ్రా అంటే గెలిచినట్టా, ఓడినట్టా?"

ఆయనకు తెలియకుండానే అసలైన ప్రశ్న వేశాడు. 2540 ఉన్న ఆటగత్తె 2340 ఉన్న అమ్మాయితో ఆడిందనుకోండి. ఆ స్థాయి వాళ్లకు ఒక్కో ఆట మీద పందెం 10 పాయింట్లు. గెలిస్తే వచ్చేది 2.4. ఓడితే పోయేది 7.6. డ్రా అయితే 2.6 పోతుంది. అంటే డ్రా చేసుకుని బయటికొచ్చిన మనిషి, గెలిచి తెచ్చుకునేదానికంటే ఎక్కువే పోగొట్టుకుంది. ఎదుటి అమ్మాయికి అదే డ్రా పండగ. అందుకే పెద్ద ఆటగాళ్లు చిన్నవాళ్లతో ఓపెన్ టోర్నమెంట్లు ఆడటానికి వెనకాడతారు. అందుకే కొందరు నల్లపావులతో కూడా అవసరం లేని సాహసాలు చేసి దెబ్బతింటారు. ఈ లెక్క ఒకసారి ఒంటబట్టాక ఫలితాల పట్టిక చప్పగా కనిపించదు.

అన్ని ఆటల ర్యాంకింగులూ ఇలాగే ఉంటాయనుకోకూడదు. గోల్ఫ్ చూడండి. మన ప్రాంతంలో గడ్డి బాగా ఎదిగితే గేదెలు గుర్తొస్తాయి గానీ గోల్ఫ్ గుర్తురాదు. అయినా హైదరాబాదు నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల పుణ్యమా అని కొంతమంది తెలుగువాళ్లు అదీ చూస్తున్నారు. 2023లో మాస్టర్స్‌లో మొదటిసారి అడుగుపెట్టి తొమ్మిదో స్థానం పంచుకున్నాడు, ఆ సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఏప్రిల్లో మాస్టర్స్, మేలో పీజీఏ, జూన్‌లో యూఎస్ ఓపెన్, జూలైలో బ్రిటన్‌లో జరిగే ఓపెన్: ఆ నాలుగూ మేజర్లు. ర్యాంకింగు ప్రతి సోమవారం వస్తుంది. అక్కడ పాయింట్లు కరిగిపోతాయి. సంపాదించిన పాయింటు మూడు నెలలపాటు నిండుగా ఉండి, ఆ తర్వాత వారం వారం తరుగుతూ రెండేళ్లకు సున్నా అవుతుంది. గాయమై ఇంట్లో కూర్చున్నా జారుడే.

ఎలో పద్ధతిలో ఆ తరుగు లేదు. 2016 తర్వాత హంపి రెండేళ్లు బోర్డుకు దూరంగా ఉంది, 2017లో కూతురు పుట్టింది. ఏడాది ఆడకపోతే ఫిడే ఆ పేరును క్రియాశీల జాబితాలోంచి పక్కన పెడుతుంది తప్ప అంకెను ముట్టుకోదు. 2018లో బటూమి చెస్ ఒలింపియాడ్‌లో తిరిగి కూర్చున్నప్పుడు ఆమె రేటింగు వదిలిపెట్టిన చోటే ఉంది. గోల్ఫ్ పద్ధతే చెస్‌లో ఉండి ఉంటే మళ్లీ అట్టడుగు నుంచి రావాల్సి వచ్చేది. బిడ్డను కనడానికి ఆగిన ఆడపిల్లకు ఏ పద్ధతి న్యాయమో వేరే చెప్పక్కర్లేదు. దీనికీ ఒక దొంగదారి ఉంది. రేటింగు కాపాడుకోవడానికి ఆటే మానేసేవాళ్లు ఉంటారు. హంపి మీద ఆ మాట నిలవదు. తిరిగొచ్చిన మరుసటి ఏడాదే ప్రపంచ టైటిల్ కొట్టింది.

ఇక పోటీల సంగతి. ఎవరు గెలుస్తారో చెప్పేముందు పోటీ ఏ రకమో చూడాలి. ప్రపంచ టైటిల్‌కు పోటీదారును తేల్చే క్యాండిడేట్స్ టోర్నీలో ఎనిమిదిమంది ఒకరితో ఒకరు రెండుసార్లు, మొత్తం 14 ఆటలు. అక్కడ రేటింగు మాట సాగే అవకాశం ఎక్కువ. ఒకరోజు తడబడినా దిద్దుకోవచ్చు. ప్రపంచకప్ నాకౌట్. రెండు క్లాసికల్ ఆటలు, తేలకపోతే టైబ్రేక్, ఓడితే పెట్టె సర్దుకోవడమే. ప్రపంచ ర్యాపిడ్ స్విస్ పద్ధతి: ప్రతి రౌండులోనూ దాదాపు సమానమైన స్కోరున్నవాళ్లే తలపడతారు. ఆటకు 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. అక్కడ చూడాల్సింది బోర్డు కంటే ముందు గడియారం.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో హంపి మొదటి రౌండే ఓడింది. చాలామంది అభిమానులు ఫోన్లు కట్టేసి పడుకున్నారు. అక్కడి మధ్యాహ్నం మనకు అర్ధరాత్రి కదా. స్విస్‌లో మొదటి ఓటమికి ఒక సుఖం ఉంది: తర్వాతి రౌండ్లలో కొంచెం తేలికైన ప్రత్యర్థులు తగులుతారు, నిలదొక్కుకోవచ్చు. పదకొండో రౌండుకొచ్చేసరికి ఏడుగురు 7.5 పాయింట్లతో సమానంగా ఉన్నారు. ఆ ఏడుగురిలో ఆఖరి ఆట గెలిచింది హంపి ఒక్కతే, అదీ నల్లపావులతో, ఇండోనేషియా ఆటగత్తె ఐరీన్ సుకందర్ మీద. 11కి 8.5. టైబ్రేక్ అవసరమే రాలేదు.

ఆట నడుస్తుండగా చూసేవాళ్లకు నాదొక సలహా. తెర పక్కన ఎక్కుతూ దిగుతూ ఉండే కంప్యూటర్ అంచనా గీతను బొటనవేలితో మూసేయండి. ఆ గీత చూసేవాడికి గ్రాండ్‌మాస్టర్లందరూ తెలివితక్కువవాళ్లలా కనిపిస్తారు. "గెలుపు" అని యంత్రం చెప్పే చోట మనిషి పది కచ్చితమైన ఎత్తులు వరసగా వెతకాలి, ఒక్కోదానికి పది సెకన్లలో. గీత మూసి, బంట్ల వరస చూసి, ఏ గుర్రం ఎక్కడికి పోవాలనుకుంటోందో మీరే ఊహించండి. తప్పుతుంది. పదిసార్లు తప్పాక ఒకసారి హంపి మీరనుకున్న ఎత్తే వేస్తుంది. ఆ సంతోషం కోసం నిద్ర చెడగొట్టుకోవచ్చు.

చెస్‌లో మన తెలుగువాళ్ల బలగం కూడా చిన్నదేం కాదు. గుంటూరు నుంచి హారిక, హరికృష్ణ. 2024 డిసెంబరు లిస్టులో 2801 చేరిన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 తాకిన మొదటి భారతీయుడు అతనే.

లిస్టుకూ కిరీటానికీ ఉన్న దూరం నాకు బాగా తెలిసొచ్చింది మాత్రం 2025 జూలైలో, మళ్లీ బటూమిలోనే. మహిళల ప్రపంచకప్ ఫైనల్లో 38 ఏళ్ల హంపికి ఎదురుగా 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్. రేటింగులో తేడా 80 దాకా, మొగ్గు హంపి వైపు. క్లాసికల్ ఆటలు రెండూ డ్రా. టైబ్రేక్‌లో మొదటి ర్యాపిడ్ డ్రా. రెండోదాంట్లో తెల్లపావులు హంపివి. గడియారం ఒత్తిడిలో ఆట చేజారి 28న కప్పు దివ్యది అయింది. నేరుగా గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా వచ్చేసింది. టైబ్రేక్ ఆటలు క్లాసికల్ రేటింగులో లెక్కకు రావు. కాబట్టి ప్రపంచకప్ ఫైనల్ ఓడినందుకు ఆ ఖాతాలో హంపికి ఏమీ పోలేదు. తనకంటే 80 తక్కువున్న అమ్మాయితో రెండు డ్రాలు చేసుకున్నందుకు మాత్రం రెండు పాయింట్ల చిల్లర పోయింది.