డిజిటల్ ఛాయాచిత్ర కల్పనలో అద్భుతం: ఎరిక్ యోహాన్సన్ చిత్రాలు – ఆలంకారిక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఛాయాచిత్రాలను కలిపి, జరగనిదాన్ని జరిగినట్లు చూపడం నేడు విస్తృతంగా కనిపించే దృశ్యక్రీడ. స్వీడన్ ఛాయాచిత్రకారుడు ఎరిక్ యోహాన్సన్ చిత్రాలు రెండింటిని ఆధారం చేసుకొని, ఈ క్రీడకూ మోసపూరితమైన మార్పుచిత్రానికీ గల భేదాన్ని అలంకారశాస్త్ర పరిభాషలో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఛాయాచిత్ర సంయోజనం, అద్భుతరసం, విరోధాభాస, ఆహార్యజ్ఞానం, భ్రాంతిమంతం.

1. ఉపోద్ఘాతం:
ఛాయాచిత్రాలను అతికి కొత్త దృశ్యాన్ని కల్పించడం కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. ఆస్కార్ రెయ్‌లాండర్ 1857లోనే 30కి పైగా నెగటివ్‌లను కలిపి ‘ది టూ వేస్ ఆఫ్ లైఫ్’ చిత్రాన్ని రూపొందించాడు. 1957 నాటి ‘మాయాబజార్’ చలనచిత్రంలో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుని నోట్లోకి ఎగిరే సన్నివేశం తెలుగువారికి చిరపరిచితం. 1990లో విడుదలైన ఫొటోషాప్‌కు 1994 నాటి మూడవ కూర్పులో ‘లేయర్’ సౌకర్యం చేరింది. ఒక్కొక్క అంశాన్ని విడి పొరగా ఉంచి, మిగిలినవి చెడకుండా సవరించడం దీనితో సులభమైంది. సాధనం సులభమయ్యేకొద్దీ విమర్శ ముందున్న ప్రశ్న జటిలమైంది. నమ్మించే నేర్పు రెండింటా ఒకటే అయినప్పుడు, వినోదాన్నీ వంచననూ వేరుచేసేది ఏది?

2. నిర్మాణ సూత్రాలు:
యోహాన్సన్ 2011లో చేసిన టెడ్ ప్రసంగంలో మూడు సూత్రాలు చెప్పాడు. కలిపే చిత్రాలన్నింటికీ దృక్కోణం ఒకటే కావాలి, వాటిపై పడే వెలుగు ఒకే తీరుదై ఉండాలి, అతుకు కనిపించకూడదు. వీటిలో మొదటి రెండూ కెమెరా దగ్గరే తేలవలసినవి. ఎడమవైపు నుంచి ఎండ పడిన మనిషిని, కుడివైపు నుంచి ఎండ పడిన పొలంలో నిలిపితే నీడలే గుట్టు విప్పుతాయి. రంగులనూ అంచులనూ ఎంత సరిపోల్చినా ఆ లోపం మిగులుతుంది. కాబట్టి ఈ రచనలో సాఫ్ట్‌వేర్ పాత్ర సంధానకర్తది మాత్రమే. కల్పన అంతకుముందే జరిగి ఉంటుంది.

3. విరోధం – పరిహారం:
‘గో యువర్ ఓన్ రోడ్’ (2008) చిత్రంలో ఒక మనిషి తారురోడ్డును దుప్పటిలా పట్టుకొని లాక్కుపోతుంటాడు. ఇక్కడ అసంభవం ఒక్కటే. తక్కిన ప్రకృతి అంతా తన ధర్మాన్ని పాటిస్తుంది. ఆ ఒక్క అసంభవానికి బలమిచ్చేది తక్కినదాని విశ్వసనీయతే. విరోధాభాసలో విరోధం పైకి తోచి, అర్థం తెలియగానే పరిహారమవుతుంది. ఈ చిత్రంలోనూ భౌతికస్థాయిలో తొలగని విరోధం, తన దారిని తానే వేసుకొనే మనిషి అనే భావస్థాయిలో పరిహారమవుతుంది. అయితే ఆ భావాన్ని శీర్షికే వాచ్యం చేయడం వల్ల వ్యంగ్యానికి చోటు తగ్గింది.

‘ఫుల్ మూన్ సర్వీస్’ (2017) ఈ విషయంలో మెరుగైన రచన. అందులో పనివారు వ్యానులో చంద్రబింబాలను తెచ్చి, వీధిదీపం బల్బు మార్చినట్లు చంద్రుణ్ణి మారుస్తుంటారు. శీర్షిక నీతి చెప్పదు. పనివారి మామూలు ధోరణినే కొనసాగిస్తుంది. విస్మయం స్థాయిగా గల అద్భుతానికి హాస్యం ఇక్కడ సహజంగా తోడైంది. అద్భుత విభావాలలో మాయను, ఇంద్రజాలాన్ని నాట్యశాస్త్రం చేర్చడం ఈ సందర్భంలో గమనార్హం.

4. ఆహార్యం – అనాహార్యం:
ముఖాన్ని చంద్రుడనే రూపకంలో, అది నిజం కాదని ఎరిగే సహృదయుడు ఆ అభేదాన్ని ఇచ్ఛాపూర్వకంగా అంగీకరిస్తాడు. ఇది ఆహార్యజ్ఞానం. భ్రాంతిమంతంలో వర్ణితమయ్యే పాత్రకు కలిగేది నిజమైన పొరపాటు, అది అనాహార్యం. యోహాన్సన్ చిత్రాన్ని చూసేవారు మొదటి కోవకు చెందుతారు. చంద్రుణ్ణి ఎవరూ మార్చలేరని తెలిసే ఆనందిస్తారు. ఒక సభకు రాని మనిషిని వచ్చినట్లు అతికిన వార్తాచిత్రం మాత్రం చూపరిని భ్రాంతిలో పడవేస్తుంది. రెండింటా అతుకు కనిపించదు. భేదం అతుకులో లేదు. అసంభవం చూపరికి తెలిసేటట్లు రచన చేయడంలో ఉంది.

అతుకును దాచడం క్రీడకు తప్పనిసరి కూడా కాదు. జర్మన్ దాదా కళాకారిణి హన్నా హోహ్ తన ఫొటోమాంటేజ్‌లలో కత్తిరింపులను బాహాటంగా ఉంచింది. అక్కడ పుట్టేది విస్మయం కంటే అధిక్షేపం.

5. ముగింపు:
2023లో ఫొటోషాప్‌కు చేరిన ‘జెనరేటివ్ ఫిల్’ సౌకర్యం, మాటల్లో అడిగినదాన్ని చిత్రంలో నింపుతుంది. అతుకు దాచే శ్రమ దీనితో చాలావరకు తగ్గింది. కనుక అతుకు కనబడకపోవడాన్నే ప్రతిభకు కొలమానంగా తీసుకొనే విమర్శ ఇక నిలవదు. ఏ ఒక్క అసంభవాన్ని ఎన్నుకున్నారు, దాని పరిహారం ఏ భావంలో దొరుకుతుంది, చూపరికి ఆహార్యజ్ఞానాన్ని మిగిల్చారా అనే మూడు ప్రశ్నలు ఆ స్థానాన్ని భర్తీ చేయగలవు. అసంభవాలను గుప్పించడం యంత్రానికి సులభం. ఒక్కదానితో ఆగి, తక్కిన లోకాన్ని యథాతథంగా ఉంచే ఔచిత్యం మాత్రం కళాకారుని వివేకానికి సంబంధించినది.