సీతమ్మ కథను కట్టిన తీరు

డిజైన్ చదివే పిల్లలకు కాలేజీలు అప్పగించే పనుల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. దగ్గర్లోని ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గరికి వెళ్లి, వాళ్లకేం కావాలో కనుక్కుని, పోస్టరో చిన్న సినిమానో పుస్తకమో చేసి ఇవ్వడం. మైపాడు, ఇసకపల్లి లాంటి నెల్లూరు తీరపు ఊళ్లలో ఆ పనికి పూనుకునే వాళ్లుంటే, నేను ముందుగా వాళ్ల చేతిలో పెట్టేది అదే జిల్లాలో 1991లో మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు వాచకం.

ఆ పుస్తకం ఎవరి కోసమో తలచుకుంటే దాని పనితనం అర్థమవుతుంది. చదివేది పగలంతా కూలి చేసి, వంట ముగించి, రాత్రి పలక పట్టుకునే ఆడమనిషి. చెప్పేది జీతం లేని వాలంటీరు, చాలాచోట్ల ఊళ్లో చదువుకున్న కుర్రవాడో అమ్మాయో. కాబట్టి పంతులు పని సగం పుస్తకమే మోయాలి. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ ఇందుకు ఒక చట్రం ఇచ్చింది: మూడు వాచకాలు, మొత్తం సుమారు 200 గంటల చదువు. పాఠం, అభ్యాసం, పరీక్ష అన్నీ ఒకే పుస్తకంలో. తానెంత నేర్చుకుందో చదివే మనిషే చూసుకోవచ్చు. గమ్యం కూడా అంకెల్లోనే ఉంది: నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి. తయారుచేసినవాళ్ల అభిరుచితో నిమిత్తం లేని కొలత ఇది.

ఇక లోపలి అమరిక. ఇలాంటి వాచకాలు అ, ఆలతో మొదలుకావు. ముందు బొమ్మ, దాని మీద మాటామంతీ, అందులోంచి ఒక మాట, ఆ మాటలోంచి అక్షరాలు. 'పలక' అనే మాటనే తీసుకోండి. గుణింతం లేదు, ఒత్తు లేదు. మూడే అక్షరాలు, వాటిని అటూ ఇటూ మారిస్తే కల, కలప. ఒక్క 'డ' చేర్చండి: పడక, కడప. నాలుగు అక్షరాలకే ఇంట్లో వస్తువులూ ఊళ్ల పేర్లూ చదవడం వచ్చేసింది! మొదటి రాత్రే నేర్చుకునే మనిషికి 'నాకూ వస్తుంది' అనిపించేలా ఏ అక్షరం ముందో, ఏది తర్వాతో ఏరి పెట్టడంలో ఉన్న ఓపిక చూస్తే నాకు నేతగాడి మగ్గం గుర్తొస్తుంది.

బొమ్మది ఇంకో పని. అది పేజీకి అలంకారం కోసం రాలేదు, మాట పుట్టించడానికి వచ్చింది. అందులో కనిపించేది తమ బతుకే అయితే మనుషులు నోరు విప్పుతారు. నెల్లూరు వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం సరిగ్గా ఆ పని చేసింది. ఊరి ఆడవాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయించిన మనిషి కథ అది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు తమ ఊరి దుకాణాన్ని నిజంగానే మూయించారు. ఊరూరా పాటలతో, నాటికలతో తిరిగిన కళాజాతలు అప్పటికే చెవులను సిద్ధం చేసి ఉంచాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి అడుగు. దూబగుంట సంగతే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. కల్పించిన కథ ఒక ఊరిని కదిలించింది. ఆ ఊరి నిజం పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. చదివేవాళ్లు పుస్తకంలోకి నడిచి వచ్చేలా తలుపు తెరిచి ఉంచిన కూర్పు అది. పాఠం ఒక్కటే సారా వ్యతిరేక ఉద్యమాన్ని తెచ్చిందనను. ఏళ్లుగా ఇళ్లలో పేరుకున్న బాధ ఉంది, దూబగుంటలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ల తెగువ ఉంది. ఆ బాధకు పక్క ఊరి చిరునామా రాసిచ్చింది మాత్రం ఆ పుస్తకమే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అమలైంది.

తీరం వెంట ఏ పట్టపుపాలేనికో ప్రాజెక్టు పని మీద వెళ్లే విద్యార్థులకు ఒక్క విన్నపం. సంస్థతో మాట్లాడుకునే మొదటిరోజే రెండో ముద్రణ సంగతి కూడా రాసుకోండి. మొదటిది చూసి ఆ ఊరివాళ్లు ఏం చేశారో రాయడానికి అందులో పేజీలు ఉంచండి.