సీసం మీద రెండు రాతలు

1870లో ఫ్రాన్స్ మీద ప్రష్యా సైన్యం పేల్చిన ఫిరంగి గుండును తడిమితే వేళ్లకు తగిలేది ఇనుము కాదు, సీసం. పోత ఇనుప గుండు ఒంటికి సీసపు తొడుగు వేసేవారు. క్రుప్ సంస్థ తయారుచేసిన ఉక్కు ఫిరంగి గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. పేల్చగానే మెత్తటి సీసం ఆ గాడుల్లోకి ఒత్తుకుని, గుండు బొంగరంలా తిరుగుతూ దూసుకెళ్తుంది. సీసం మీద ఏటవాలు చారలు మిగులుతాయి.

అది ఫిరంగి రాసిన రాత. మనిషి చెక్కింది రెండోది: ఊరి పేరు, తేదీ, ఒక్కోసారి గుండు పడిన వీధి. 19వ శతాబ్దపు యూరప్ యుద్ధాల గుండ్లను సేకరించేవారు ఈ రెండింటినీ కలిపి చదవాలి. ‘పారిస్, జనవరి 1871’ అని చెక్కి ఉండి సీసం నున్నగా ఉంటే, ఆ గుండును ఎవరూ పేల్చలేదన్నమాట. నగరంలో పడిందన్న కథ అక్కడే తేలిపోతుంది. 1858 నాటి లా హిట్ పద్ధతి ఫ్రెంచి గుండ్లకైతే జింకు బొడిపెలు చూడాలి. వాటి ఫిరంగుల గాడుల్లో కూర్చునేవి అవే.

చెక్కింది రెండు మాటలే అయినా వాటి వెనక పెద్ద కథ ఉండవచ్చు. ‘స్ట్రాస్‌బుర్గ్ 1870’ అలాంటిదే. ఆ ఏడాది ఆగస్టు 24 రాత్రి ఫిరంగి దాడిలో నగర గ్రంథాలయం తగలబడింది. 12వ శతాబ్దంలో మఠాధ్యక్షురాలు హెర్రాడ్ కూర్చిన బొమ్మల రాతప్రతి ‘హోర్టస్ డెలిసియారమ్’ బూడిదైంది. అంతకుముందు కొందరు ఎత్తి రాసుకున్న నకళ్లే ఇప్పుడు దిక్కు.

ఇలా చెక్కిన గుండ్లతో పోలిస్తే మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇత్తడి పూలకుండీలు వేరు. గుండు వెళ్లిపోయాక మిగిలిన ఇత్తడి గొట్టాల మీద తీరిగ్గా పూలూ ఆకులూ కొట్టొచ్చు. పోత ఇనుము అంత తేలిగ్గా లొంగదు.

చెక్కి ఉంది కదా, లోపల ఖాళీయేలే అనుకోవడం మాత్రం ప్రాణాంతకం. తుపాకిమందు శతాబ్దం దాటినా చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, అక్కడి అంతర్యుద్ధం నాటి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి ఓ సేకర్త చనిపోయాడు. మందు లేదని నిపుణులు తేల్చాకే గుండు ఇంట్లోకి రావాలి.

వచ్చాక కూడా ఇనుప బ్రష్షు ముట్టకూడదు. గీకితే ఫిరంగి చారలూ, మనిషి అక్షరాలూ రెండూ పోతాయి. పొడిగుడ్డతో దుమ్ము దులిపి, ఎవరి దగ్గర, ఏ ఊళ్లో దొరికిందో కాగితం మీద రాసి గుండుతోపాటే ఉంచితే, రేపు దాన్ని పరీక్షించేవారికి ఇంకో ఆధారం దొరుకుతుంది.