అందరూ ఒకేసారి అడిగితే

64 జీబీ మెమరీ ఉన్న సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కటే నడుస్తోందనుకుందాం. ఎవరూ ముట్టుకోకపోతే అందులో షేర్డ్ బఫర్స్, అంటే డేటా పేజీలను పోస్ట్‌గ్రెస్ తన దగ్గర ఉంచుకునే మెమరీ, విలువ 128 ఎంబీ. ఇంత మెమరీ పెట్టుకుని అంత పిసినారితనమేమిటని 50 జీబీ రాసేయాలనిపించడం సహజం. పోస్ట్‌గ్రెస్ అధికారిక మాన్యువల్ మాత్రం మొత్తంలో నాలుగో వంతుతో మొదలుపెట్టమంటుంది. 40 శాతం దాటాక పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చనీ చెబుతుంది. మిగతాది వృథా పోదు. పోస్ట్‌గ్రెస్ ఫైళ్లను లినక్స్ ద్వారానే చదువుతుంది కాబట్టి, చదివిన పేజీలను లినక్స్ తన క్యాష్‌లోనూ దాచుకుంటుంది. బఫర్లను మరీ పెంచితే ఒకే పేజీ రెండుచోట్ల కూర్చునే అవకాశమూ పెరుగుతుంది. మరి మైఎస్‌క్యూఎల్ వాళ్లు 80 శాతం దాకా ఇస్తారు కదా అనొచ్చు. అక్కడి స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ లినక్స్ క్యాష్‌ను పక్కకు నెట్టి నేరుగా డిస్క్ చదవగలదు. ఒకదాని సూత్రం తెచ్చి మరొకదానికి తగిలిస్తే కుదరదు.

అసలు ప్రమాదం వర్క్ మెమ్ అనే మరో సెట్టింగ్ దగ్గరుంది. దీని విలువ 4 ఎంబీ చూసి, ఇదేదో సర్వర్ మొత్తానికి పెట్టిన హద్దు అనుకునేవారు చాలామంది. ఒక క్వెరీలో జరిగే ఒక్కో సార్టింగ్‌కు, ఒక్కో హ్యాషింగ్‌కు విడివిడిగా ఇచ్చే అనుమతి అది. హ్యాషింగ్‌కైతే 15వ వెర్షన్ నుంచి మామూలుగా దానికి రెట్టింపు దొరుకుతుంది. ఒకే క్వెరీలో అలాంటి పనులు నాలుగైదు ఉండొచ్చు. సమాంతరంగా సాయపడే వర్కర్లు ఉంటే వాళ్ల వాటా వేరే. ఇప్పుడు నెలాఖరు రిపోర్టు నత్తనడక నడుస్తోందని ఎవరో దీన్ని 256 ఎంబీకి పెంచారనుకోండి. 200 కనెక్షన్లు తలా ఒక్క సార్టింగ్ చేసినా 50 జీబీ. షేర్డ్ బఫర్స్ 16 జీబీ కలిపితే 66. యంత్రంలో ఉన్నది 64. రోజూ 20 కనెక్షన్లే పనిచేస్తున్నంతకాలం ఈ లెక్క ఎవరికీ తట్టదు. అందరూ ఒకేసారి విస్తరి ముందు కూర్చున్న పూటే బయటపడుతుంది. సగటు వాడకాన్ని కాక ఆ పూటను దృష్టిలో పెట్టుకుని అంకెలు వేయాలన్నదే నా వాదన.

అలా వర్క్ మెమ్‌ను బిగపడితే సార్టింగ్ డిస్క్ మీదికి పోయి నెమ్మదిస్తుంది కదా? పోతుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఫలితంలో ఎక్స్‌టర్నల్ మెర్జ్ అన్న మాట కనబడితే అదే సంగతి. కానీ ఆ బాధ ఒక క్వెరీది. ఆ రిపోర్టు ట్రాన్సాక్షన్ వరకే సెట్ లోకల్‌తో వర్క్ మెమ్ పెంచితే సరిపోతుంది. మిగతా 199 మందికీ ఆ అనుమతి రాసివ్వనక్కర్లేదు.

కంటికి కనిపించని ఖర్చు ఇంకొకటుంది. మామూలు పేజీ 4 కేబీ కాబట్టి 16 జీబీ అంటే దాదాపు 42 లక్షల పేజీలు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. ప్రతి ప్రాసెస్ ఆ బఫర్లన్నిటినీ తాకుతూ పోతే, పేజీకి 8 బైట్ల చొప్పున దాని పేజీ టేబులే 32 ఎంబీ అవుతుంది. 200 ప్రాసెస్‌లకు 6 జీబీ పైమాటే. 2 ఎంబీ సైజు హ్యూజ్ పేజీలు వాడితే ప్రాసెస్‌కు 64 కేబీతో సరి. చాలామంది దీన్ని చివర్లో ఎప్పుడో చూద్దాంలే అని వదిలేస్తారు. నేనైతే ముందే పెడతాను.

మెమరీ చవకైంది, ఇంకో 64 జీబీ తగిలిస్తే పోలేదా అన్నది అందరికీ నచ్చే అభ్యంతరం. పోదు, ఎందుకంటే అడిగేవాళ్లు ఎందరో, ఎంత అడుగుతారో తేలనప్పుడు ఎంత పెంచినా గీత కాస్త జరుగుతుందంతే. ప్రోగ్రాములకు ఒకేసారి కావలసిన పేజీలు మెమరీలో పట్టకపోతే, యంత్రం వాటిని అటూ ఇటూ మోయడంలోనే మునిగి అసలు పని ఆపేస్తుందని పీటర్ డెన్నింగ్ 1968లోనే వివరించాడు. నేటి లినక్స్ చివరి అస్త్రం ఓఓఎం కిల్లర్: ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క కనెక్షన్ ప్రాసెస్ అలా చస్తే, ఉమ్మడి మెమరీ చెడి ఉండొచ్చని మిగతా కనెక్షన్లన్నిటినీ తెంచి రికవరీ మొదలుపెడుతుంది. దీనికి విరుగుడుగా లినక్స్‌లోని ఓవర్‌కమిట్ మెమరీ సెట్టింగ్ విలువను 2గా పెట్టమంటారు. అప్పుడు హద్దు మీరి అడిగిన క్వెరీకే సాధారణంగా ఎర్రర్ వస్తుంది, పక్కవాళ్ల పని సాగుతుంది. కాకపోతే దానితోపాటు ఉండే ఓవర్‌కమిట్ నిష్పత్తిని 50 దగ్గరే వదిలేస్తే, స్వాప్ లేని మన యంత్రంలో హ్యూజ్ పేజీలు పెట్టకపోతే గీత 32 జీబీ దగ్గరే పడుతుంది. సగం మెమరీ ఖాళీగా కనిపిస్తుండగానే ఎర్రర్లు మొదలైతే ముందు చూడాల్సింది ఈ అంకెనే.