భేతాళుని చివరి ప్రశ్న: వావివరసల తర్కం

భేతాళ కథల్లో చివరి ప్రశ్నకు సమాధానమే లేదనడం పరిపాటి. అందుకు రాజు మౌనాన్ని రుజువుగా చూపుతారు. ఆ రుజువు చెల్లదు.

11వ శతాబ్దికి చెందిన సోమదేవుని కథాసరిత్సాగరంలో ఈ కథ ఇలా సాగుతుంది. అడవిలో ఇద్దరు స్త్రీల అడుగుజాడలు చూసిన చండసింహుడు, అతని కొడుకు సింహపరాక్రముడు ఒక ఒప్పందానికి వస్తారు: పెద్ద పాదాలున్న స్త్రీ తండ్రికి, చిన్న పాదాలున్న స్త్రీ కొడుక్కి. తీరా చూస్తే ఆ స్త్రీలు తల్లీకూతుళ్లు. చిన్న పాదాలు తల్లివి. మాట తప్పలేక తండ్రి కూతురినీ, కొడుకు తల్లినీ పెళ్లాడతారు. వారి బిడ్డలు ఒకరికొకరు ఏమవుతారన్నది ప్రశ్న.

తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్నది భేతాళుని షరతు. రాజు నోరు విప్పలేదు, తల పగల్లేదు. దీన్నిబట్టి రాజుకు జవాబు తెలియదని మాత్రమే తేలుతుంది. 'తెలియదు' నుంచి 'లేదు'కు దూకినవారు పాఠకులే.

జవాబు ఉంది. ఇద్దరికీ మగబిడ్డలే పుట్టారనుకుందాం. తల్లి కన్న కొడుకు కూతురికి తమ్ముడు; కనుక కూతురి కొడుక్కి మేనమామ. కూతురి కొడుకు చండసింహుని బిడ్డ, అంటే సింహపరాక్రమునికి తమ్ముడు; కనుక తల్లి కొడుక్కి బాబాయి. రెండూ ఏకకాలంలో నిజం. సంస్కృతంలోనూ మాతులుడు, పితృవ్యుడు అన్న మాటలున్నాయి కాబట్టి రాజుకు పదాల కరవు లేదు. దోషం ప్రశ్నలోనే ఉంది: ఇద్దరి మధ్య వరస ఒక్కటే ఉంటుందని అది ముందే నిశ్చయించుకుంది.

మేనరికాలు తరతరాలుగా ఎరిగిన రామచంద్రపురం వంటి గోదావరి ఊళ్లలో ఒకే మనిషి రెండు వరసలు కావడం వింత కాదు. తల్లి వైపు నుంచి పిలవాలో, తండ్రి వైపు నుంచి పిలవాలో ఇంటి పెద్దలు ఖాయం చేస్తారు. రెండో వరస చెరిగిపోదు, వాడుకలోకి రాదంతే. (అలాంటి పెద్దావిడ ఒకరు పక్కనుంటే రాజు మరోసారి చెట్టుదాకా నడవవలసి వచ్చేది!)

అయితే పిలుపుతో తీరని చిక్కు ఒకటుంది. కూతురికి ఆడపిల్ల పుట్టిందనుకుందాం. తల్లి కొడుకు ఆమెకు మేనమామ. ఆ వరసన పెళ్లి మన ఆచారానికి సమ్మతమే. కాని ఆమె అతనికి మేనత్త, అంటే తండ్రి చెల్లెలు. ఆ వరసన పెళ్లి ఊసే తప్పు. ఒక వరస ఒప్పుకున్నదాన్ని మరొకటి కాదంటోంది. నిషేధమే నెగ్గాలని నా అభిప్రాయం; కాని వరసల తర్కం తనంతట తాను ఆ తీర్పు చెప్పదు. భేతాళుడు అడగవలసింది ఈ పెళ్లి గురించి. అప్పుడు రాజు మౌనానికి బలముండేది.